1987 వ్యానగన్ మీటర్ వెనక ఫిల్మ్ సర్క్యూట్ ట్రాక్‌లు లేచిపోయాయి: బాగుచేయాలా, కొత్తది వేయాలా?

డాలస్_వ్యాన్:

అందరికీ నమస్కారం. బండి 1987 ఫోక్స్‌వ్యాగన్ వ్యానగన్. 2.1 లీటర్ల పెట్రోల్ ఇంజన్, మీటర్‌లో టాకోమీటర్ (ఇంజన్ ఆర్‌పీఎం చూపేది) ఉన్న రకం. మీటర్ వెనక ఉండే పల్చటి ఫిల్మ్ సర్క్యూట్ (ప్లాస్టిక్ పొర మీద రాగి ట్రాక్‌లు, అంటే కరెంటు దారులు) గురించి తెలిసినవాళ్లు చెప్పాలి.

ప్రస్తుతం ఉన్న తేడాలు ఇవి. పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఉండాల్సిన చోటికన్నా పైన నిలబడుతున్నాయి. రాత్రి లైట్లు వేస్తే రెండూ కలిసి ఇంకాస్త ఎక్కుతాయి, ఆపితే దిగుతాయి. కీ ఆన్ చేయగానే వెలగాల్సిన ఛార్జింగ్ లైటు ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. వెలగని రోజు ఇంజన్ బాగా రేజ్ చేస్తేగానీ ఛార్జింగ్ మొదలవదు. వారం నుంచి 2000 ఆర్‌పీఎం దాటగానే ఆయిల్ లైటు మిణుకుమంటోంది, బజర్ మోగుతోంది.

14 పిన్నుల ప్లగ్గు ఊడదీసి చూశాను. అది కూర్చునే ప్లాస్టిక్ నాలుక మీద రెండు ట్రాక్‌లు ఫిల్మ్‌ను వదిలి పైకి లేచాయి, వాటిలో ఒకటి అడ్డంగా తెగింది. వెండి పెయింట్ పూస్తే చాలా, టంకం పెట్టాలా, లేక కొత్త ఫిల్మ్ తెప్పించడమే మేలా?

గేజ్_ముల్లు:

ముందుగా ఒక మాట అండి. ఆ ప్లగ్గును ఇక ఊరికే తీసి పెట్టకండి. ఆ నాలుక మీద ఫిల్మ్ మడత పడి ఉంటుంది. ప్లగ్గులోని స్ప్రింగు కాంటాక్టులు రాగి మీద గీసుకుంటూ ఎక్కుతాయి, గీసుకుంటూ దిగుతాయి. ముప్పై ఏళ్లు దాటిన జిగురు ఎండిపోయి ఉంటుంది కాబట్టి తీసిన ప్రతిసారీ ఇంకో ట్రాక్ లేచే ప్రమాదం ఉంది. చాలా పరీక్షలు ప్లగ్గు తీయకుండానే చేయొచ్చు. ఈ బండిలో మీటర్ పైన ఉండే కవర్ అంచు పట్టుకుని పైకి లాగితే ఊడి వస్తుంది, ఫిల్మ్ వెనక భాగం కళ్ల ముందే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు ఆయిల్ సంగతి తేల్చండి. దాన్ని ఫిల్మ్ మీదకి నెట్టి బండి తిప్పొద్దు. మీ ఇంజన్‌కి రెండు ప్రెషర్ స్విచ్‌లు ఉన్నాయి. ఒకటి 0.3 బార్‌ది, ప్రెషర్ లేనప్పుడు ఎర్త్ ఇస్తుంది. రెండోది 0.9 బార్‌ది, ప్రెషర్ వచ్చాకే ఎర్త్ ఇస్తుంది. మీటర్ వెనక చిన్న కంట్రోల్ బోర్డు టాకోమీటర్ సిగ్నల్ చూసుకుంటూ, 2000 దాటాక రెండో స్విచ్ ఎర్త్ కనిపించకపోతే లైటు మిణుకుమనిపించి బజర్ మోగిస్తుంది. అంటే ఆ స్విచ్ తీగ ఎక్కడ తెగినా, అసలు ప్రెషరే లేకపోయినా, డ్రైవర్‌కి వినపడేది ఒకటే మోత.

అందుకని స్విచ్ ఊడదీసి ఆ రంధ్రంలో మెకానికల్ ప్రెషర్ గేజ్ బిగించండి. ఆయిల్ 80 డిగ్రీలు వేడెక్కాక 2000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 2 బార్ ఉండాలి. ఉంటే ఇంజన్ క్షేమం. ఆ తర్వాత 0.9 బార్ స్విచ్ తీగను తాత్కాలికంగా ఇంజన్ బాడీకి తాకించి రేజ్ చేయండి. బజర్ ఆగితే స్విచ్ పోయింది, ఫిల్మ్ తప్పు లేదు. ఆగకపోతే తీగలోనో, ప్లగ్గులోనో, ఫిల్మ్‌లోనో, ఆ బోర్డులోనో తెగింది.

ఇక ముళ్ల సంగతి. మీరు రాసినదాంట్లో అసలు ఆధారం "లైట్లు వేస్తే ఎక్కుతాయి" అన్నది. రెండు గేజ్‌లకీ 10 వోల్టులు ఇచ్చే స్టెబిలైజర్ ఒకటి మీటర్ వెనక స్క్రూతో బిగించి ఉంటుంది, మూడు కాళ్లది. అది 10 వోల్టులు లెక్కపెట్టేది మీటర్ ఎర్త్ నుంచి. సెండర్లు (ట్యాంకులో, ఇంజన్‌లో కొలిచి గేజ్‌లకి చెప్పే భాగాలు) మాత్రం బండి బాడీకి ఎర్త్ అయి ఉంటాయి. మీటర్ ఎర్త్ దారిలో 5 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. వెలుగు బల్బులు రెండు, ఒక్కోటి 1.2 వాట్లు, కలిపి 0.2 ఆంపియర్ లాగుతాయి. అక్కడే 1 వోల్టు పైకి లేస్తుంది. గేజ్‌లకి 10 బదులు 11 వెళ్తుంది, ముళ్లు ఎక్కుతాయి. ఇంజన్ వేడెక్కలేదు, పెట్రోల్ పెరగలేదు. పెట్రోల్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపడం దారి మధ్యలో నిలబెట్టే తప్పు కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు.

పరీక్ష: మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ బండి బాడీ మీద శుభ్రమైన ఇనుముకి, ఎర్ర ప్రోబ్ స్టెబిలైజర్ ఎర్త్ కాలుకి పెట్టండి. లైట్లన్నీ వేసి చూడండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. తర్వాత అదే కాలు నుంచి అవుట్‌పుట్ కాలుకి కొలవండి, 10 వోల్టుల దగ్గర ఉండాలి. మొదటిది ఎక్కువై రెండోది సరిగ్గా ఉంటే స్టెబిలైజర్ మంచిదే, ఎర్త్ చెడింది.

టంకం_చుక్క:

పై మాటకి ఒకటి కలుపుతాను. ఈ పనికి మల్టీమీటర్ బీప్‌ని నమ్మొద్దు. చాలా మల్టీమీటర్లు 30, 50 ఓమ్‌ల దాకా కూడా బీప్ కొడతాయి. వెంట్రుకవాసి పగులు ఉన్న ట్రాక్ కూడా బీప్ కొడుతుంది, బల్బు వేయగానే చేతులెత్తేస్తుంది. ఓమ్‌లలో పెట్టి అంకె చదవండి, ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకె తీసేయండి. మిగిలేది అర ఓమ్ దాటితే ఆ ట్రాక్‌ను అనుమానించాలి. కొలుస్తున్నప్పుడు ఫిల్మ్‌ను వేలితో మెల్లగా వంచి చూడండి, అంకె గెంతితే పగులు అక్కడే.

వెండి పెయింట్ వద్దు. ప్లగ్గు ఎక్కే చోట అసలే వద్దు, మొదటిసారి తోసినప్పుడే గీసుకుపోతుంది. ఎర్త్‌కీ, బల్బులకీ కూడా పనికిరాదు. అంటుకునే రాగి టేపు కూడా ఒంటరిగా వాడొద్దు. దాని జిగురు కరెంటు ఇస్తుందని రాసి ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ నిరోధం పెరుగుతుంది. టేపు వేస్తే రెండు చివర్లా టంకం ఉండాలి.

టంకం పెట్టేముందు ఫిల్మ్ ఏ రకమో చూడండి. కాషాయం కలిసిన గోధుమ రంగులో పారదర్శకంగా ఉంటే అది పాలిఇమైడ్, వేడిని బాగా తట్టుకుంటుంది. తెల్లగా, నీలంగా, ఆకుపచ్చగా ఉంటే చాలావరకు పాలియెస్టర్. అది కరిగేది 250, 260 డిగ్రీల దగ్గరే అయినా అంతకు చాలా ముందే ముడుచుకుపోతుంది, రాగిని పట్టుకున్న జిగురు వదిలేస్తుంది. మీ బండిది పాలియెస్టర్ అనుకునే పని చేయండి.

పని ఇలా:

1. బ్యాటరీ ఎర్త్ తీసేయండి. మీ బండిలో బ్యాటరీ కుడి ముందు సీటు కింద ఉంటుంది. మీటర్‌కి నాలుగు స్టార్ స్క్రూలు, వెనక స్పీడోమీటర్ కేబుల్, పక్క స్విచ్‌ల ప్లగ్గులు. విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పెద్ద ప్లగ్గు తీసేటప్పుడు తీగలు పట్టి లాగొద్దు. ఒక చేత్తో నాలుకను ఆనించి పట్టుకుని, రెండో చేత్తో ప్లగ్గు ఒంటిని నిటారుగా లాగాలి. అటూ ఇటూ ఊపితే ట్రాక్ చీలుతుంది.

2. పగులుకి రెండు వైపులా 4, 5 మి.మీ. మేర పైపూతను ఫైబర్‌గ్లాస్ పెన్నుతోనో, బ్లేడు అంచుతోనో మెల్లగా గీకాలి. రాగి పొర మందం ఇలాంటి సర్క్యూట్లలో మామూలుగా 35 మైక్రాన్లు. గట్టిగా నాలుగుసార్లు గీకితే రాగే ఉండదు. మెరుపు కనిపించగానే ఆపి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

3. పుల్లతో కాస్త ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాయండి. 63/37 టంకం 183 డిగ్రీలకి కరుగుతుంది. ఐరన్ 280 నుంచి 300 మధ్య పెట్టి, కొన మీద చిన్న చుక్క తీసుకుని, ఒక్క సెకను తాకించి తీసేయాలి. అంటుకోకపోతే అక్కడే నొక్కి పట్టుకోవద్దు. చల్లారనిచ్చి, మళ్లీ శుభ్రం చేసి, మళ్లీ ఒక సెకను.

4. వంతెన తీగకు ముందే టంకం పట్టించి ఉంచండి. సిగ్నల్ ట్రాక్‌లకి 30 గేజ్ తీగ, అంటే పావు మి.మీ.ది చాలు. ఎర్త్‌కీ, బల్బు ట్రాక్‌లకీ అర మి.మీ. తీగ వేయండి.

5. అతుకు రెండు వైపులా 10 మి.మీ. దాకా పాలిఇమైడ్ టేపు వేసి తీగను పట్టించండి. వంగే భారమంతా టంకం చివర పడితే కొత్త పగులు సరిగ్గా అక్కడే వస్తుంది. ఫిల్మ్ బాగుచేతల్లో మళ్లీ చెడేవి ఎక్కువగా ఇలాగే చెడతాయి.

138 డిగ్రీలకే కరిగే బిస్మత్ టంకం కూడా దొరుకుతుంది, పాలియెస్టర్‌కి మేలే. కానీ అది పెళుసు, వంగే చోట పనికిరాదు. పాత సీసం టంకంతో కలిస్తే 100 డిగ్రీల లోపే మెత్తబడే మిశ్రమం అవుతుంది. బల్బు పక్కన అలాంటి అతుకు నిలవదు. ఏదో ఒకటే వాడండి.

నాలుక మీద లేచిన ట్రాక్‌లకి మాత్రం వంతెన వేయడం దండగ. టంకం మందం పెరిగితే ప్లగ్గు ఎక్కదు, లేదా పక్క పిన్ను కాంటాక్టును వంచేస్తుంది. ఆ పిన్నును వదిలేసి పక్కదారి వేయడమే సరైన పని. ఆ ట్రాక్ మీటర్‌లో ఎక్కడికి వెళ్తుందో చూసి, నాలుకకి కనీసం 2, 3 సెం.మీ. దూరంలో గట్టిగా ఉన్న చోట తీగ అతికించండి. దాన్ని 15 సెం.మీ. పొడవున బయటికి తెచ్చి ఒంటి పిన్ను కనెక్టర్ వేయండి. బండి వైపు అదే పిన్ను తీగను ప్లగ్గుకి 5 సెం.మీ. దూరంలో కత్తిరించి జోడీ కనెక్టర్ వేయండి. ప్లగ్గు వైపు మిగిలిన ముక్కకి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. నాలుక మీద ఊగుతున్న రాగి ముక్కను కత్తిరించేయాలి, లేకపోతే పక్క ట్రాక్‌ను తాకుతుంది. రెండు పిన్నులకీ ఇలా చేస్తే వేర్వేరు రంగుల తీగలు వేసి చీటీ కట్టండి.

పాతబండి_నట్టు:

ఫిల్మ్‌కీ గేజ్‌కీ మధ్య కరెంటు వెళ్లేది వెనక చిన్న నట్ల కింద ఒత్తిడి వల్లే, టంకం వల్ల కాదు. ట్రాక్ చెక్కుచెదరకుండా ఉన్నా ఆ నట్టు కింద రాగికి చిలుము పడితే ముల్లు తప్పు చూపిస్తుంది. ఒక్కో నట్టు తీసి, రాగి ఉంగరాన్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, నట్టు అడుగునూ శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. ఇసుక కాగితం వాడొద్దు. బిగించేటప్పుడు నట్టుతోపాటు ఫిల్మ్ తిరగకుండా వేలితో నొక్కి పట్టుకోండి. చాలా ఫిల్ములు నట్టు చుట్టూ గుండ్రంగా చిరిగేది ఇక్కడే. స్టెబిలైజర్ స్క్రూ కింద కూడా ఇదే శుభ్రత కావాలి.

బల్బు హోల్డర్ల దగ్గరా ఇదే కథ. హోల్డర్ చెవులు రాగి మీద తిరుగుతాయి కాబట్టి ఆ చోట రాగి అరుగుతుంది. చెవులను కొద్దిగా పైకి వంచితే ఒత్తిడి వస్తుంది. వెలుగు చాల్లేదని ఎక్కువ వాట్ల బల్బు వేయొద్దు. హోల్డర్ చుట్టూ ఫిల్మ్ గోధుమ రంగుకి తిరిగి పెళుసవడానికి కారణం అదే.

ఛార్జింగ్ లైటు గురించి ఎవరూ చెప్పలేదు. అది కేవలం సూచన దీపం కాదు. కీ ఆన్ చేసినప్పుడు ఆల్టర్నేటర్ ఫీల్డుకి (లోపల అయస్కాంతం పుట్టించే తీగచుట్టకి) మొదటి కరెంటు వెళ్లేది మీటర్‌లోని ఆ దారి గుండానే, నీలం తీగలో. ఆ ట్రాక్ తెగితే ఆల్టర్నేటర్ మేలుకోదు. రేజ్ చేస్తే మిగిలిన అయస్కాంతత్వంతో ఎప్పటికో మేలుకుంటుంది. మీకు జరుగుతున్నది అదే. పరీక్ష తేలిక: ఇంజన్ ఆపి, ఆల్టర్నేటర్ దగ్గర నీలం తీగ ఊడదీసి, కీ ఆన్ చేసి ఆ తీగను ఎర్త్‌కి తాకించండి. లైటు నిలకడగా వెలిగితే మీటర్ వైపు బాగుంది, ఆల్టర్నేటర్ బ్రష్‌లు చూడాలి. వెలగకపోయినా, మీటర్ తడితే మిణుకుమన్నా ఫిల్మ్‌దే తప్పు. ఆ లైటు ఒక ఎల్‌ఈడీ, దాన్ని తీస్తే దిశ గుర్తు పెట్టుకోండి, తిప్పి పెడితే వెలగదు.

కొత్త ఫిల్మ్ ఎప్పుడు కొనాలి? నా లెక్క ఇది. నాలుక మీద మూడు పిన్నులకన్నా ఎక్కువ పోయినా, వంచితే ఫిల్మ్ చిట్లుతున్నా, బల్బు చుట్టూ కాలిపోయినా కొత్తదే. రెండు ట్రాక్‌లకి మాత్రం కొనక్కర్లేదు. కొంటే ఒక్క "వ్యానగన్‌ది" అని అడిగితే చాలదు. 1985 వరకు ఒకటి, 1986 నుంచి ఇంకొకటి. టాకోమీటర్ ఉన్నదీ, పెద్ద గడియారం ఉన్నదీ వేరు. డీజిల్‌ది వేరు. పాత ఫిల్మ్ ఫోటోని కొత్తదాని ఫోటో పక్కన పెట్టి రంధ్రం రంధ్రం పోల్చి చూశాకే డబ్బు కట్టండి. చుట్ట చుట్టి వస్తే బరువైన పుస్తకం కింద ఒక రోజు ఉంచండి. నాలుక దగ్గర మడతని గోటితో నొక్కి పదును చేయొద్దు, పెన్ను రీఫిల్ లాంటిదాని మీదుగా గుండ్రంగా వంచండి.

బెజవాడ_ఓమ్నీ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి అన్నలూ. మాది పాత మారుతి ఓమ్నీ. మీటర్ లైట్లు డ్యాష్‌బోర్డు మీద తడితే వెలుగుతాయి, గతుకులో ఆరిపోతాయి. వెనక ఇలాంటి ఫిల్మే ఉంది. ఆటోనగర్‌లో మీటర్ మొత్తం మార్చమంటున్నారు. అక్కర్లేదంటారా?

టంకం_చుక్క:

తమ్ముడూ, తడితే వెలుగుతోందంటే ముందు హోల్డర్ చెవులూ, ఎర్త్ నట్టూ, ప్లగ్గూ చూడాలి. మీటర్ మార్చే మాట తర్వాత. హోల్డర్లు ఒక్కోటి తిప్పి తీసి, రాగిని రబ్బరుతో రుద్ది, చెవులు లేపి పెట్టండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఎర్త్ ట్రాక్ నుంచి బాడీకి వేరే తీగ వేయండి.

ఒక జాగ్రత్త. పాత బండ్లకి బయట అమ్మే కొన్ని ఫిల్ముల మీద ట్రాక్ రాగిది కాదు, బూడిద రంగు వెండి సిరా. గీకితే పొడిలా రాలుతుంది. దానికి టంకం అంటదు, ఐరన్ తగిలితే మొత్తం లేచిపోతుంది. అలాంటిదైతే బల్బు హోల్డర్‌కే నేరుగా రెండు తీగలు టంకం పెట్టి బయటికి తెచ్చుకోవడమే దారి. ఎల్‌ఈడీ బల్బులు వేస్తే వేడి తగ్గుతుంది. వెలగకపోతే 180 డిగ్రీలు తిప్పి పెట్టండి.

డాలస్_వ్యాన్:

మీరందరూ చెప్పినట్టే కొలిచాను. ఆయిల్ ప్రెషర్ వేడి మీద 2000 దగ్గర 2.6 బార్. 0.9 స్విచ్ తీగ ఇంజన్ దగ్గర ఎర్త్ చేసినా బజర్ ఆగలేదు. స్టెబిలైజర్ ఎర్త్ కాలు నుంచి బాడీకి లైట్లు లేకుండా 0.3, లైట్లు వేస్తే 1.2 వోల్టులు. ఆ కాలు నుంచి అవుట్‌పుట్‌కి ఇంజన్ నడుస్తుంటే 9.9, కీ మాత్రం ఆన్ చేస్తే 9.4. నీలం తీగ ఎర్త్ చేస్తే లైటు వెలిగింది, ప్లగ్గు కదిపితే ఆరింది. నాలుక మీద తెగిన ట్రాక్ ఆయిల్ బోర్డుకి వెళ్తోంది. లేచినది ఛార్జింగ్ లైటుకి వెళ్తోంది.

గేజ్_ముల్లు:

అయితే బొమ్మ పూర్తిగా కనిపించింది. ఇంజన్ క్షేమం. కొత్త ఫిల్మ్ అక్కర్లేదు.

తెగిన ట్రాక్‌కీ, లేచిన ట్రాక్‌కీ పైన టంకం_చుక్క గారు చెప్పిన పక్కదారి వేయండి. ఛార్జింగ్ తీగను ఫిల్మ్ మీద అతికించేటప్పుడు ఎల్‌ఈడీకి పక్కన సమాంతరంగా ఉండే రెసిస్టర్‌ను దాటి కలపకండి. నీలం తీగ నేరుగా 12 వోల్టులకి కలిసినట్టయితే కీ ఆపినా ఇంజన్ ఆగకుండా నడిచే తిప్పలు, ఫీల్డు వేడెక్కడం లాంటివి రావచ్చు. ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో అక్కడే, ఎల్‌ఈడీకి ముందు వైపే కలపాలి.

ఎర్త్‌కి 1 చదరపు మి.మీ. గోధుమ రంగు తీగ ఒకటి స్టెబిలైజర్ ఎర్త్ బిందువు నుంచి రింగు టెర్మినల్‌తో డ్యాష్‌బోర్డు వెనక బాడీ ఎర్త్ దగ్గరికి లాగండి. పెయింట్ గీకి బిగించి, పైన కాస్త వ్యాజిలైన్ రాయండి. పాత ఎర్త్‌ను తీసేయొద్దు, ఇది అదనం. అదే సమయంలో బాడీ ఎర్త్ దగ్గర గోధుమ తీగల గుత్తి కూడా ఒక్కోటి తీసి శుభ్రం చేయండి. అక్కడ వదులుంటే కొత్త తీగ వేసినా ఫలితం సగమే.

9.4 సంగతి: ఇంజన్ నడిస్తే 9.9 వస్తోంది కాబట్టి స్టెబిలైజర్ చెడలేదు. కీ ఒక్కటే ఆన్ అయితే బ్యాటరీ 12 దగ్గర ఉంటుంది, దారిలో కొంత పోతుంది, ఇలాంటి స్టెబిలైజర్‌కి పైన దాదాపు 2 వోల్టుల తేడా కావాలి. ఎర్త్ సరిచేశాక అది కూడా పెరుగుతుంది. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే 7810 అనే 10 వోల్టుల స్టెబిలైజర్ చిప్పు వేయొచ్చు. తక్కువ తేడాతో పనిచేసే ఎల్ఎం2940 పది వోల్టులది ఇంకా మేలు, కానీ దాని అవుట్‌పుట్ కాలు పక్కనే కనీసం 22 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉండాలి, లేకపోతే అవుట్‌పుట్ ఊగిసలాడుతుంది. ఏది వేసినా ఫిల్మ్ వైపు ఏ రంధ్రానికి 12 వస్తోందో, ఏది ఎర్త్‌కి వెళ్తోందో కొలిచి, ఆ తర్వాతే కాళ్లు పెట్టండి. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లకి ఇవి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

బిగించేముందు మీటర్‌ను బయట ఒడిలో ఉంచే ప్లగ్గు పెట్టి, స్పీడో కేబుల్ లేకుండా ఇంజన్ నడిపి చూసుకోండి. కీ ఆన్‌లో ఛార్జింగ్, ఆయిల్ లైట్లు రెండూ వెలగాలి. స్టార్ట్ అయ్యాక రెండూ ఆరాలి. కూలెంట్ లైటు కొన్ని సెకన్లు మిణుకుమని ఆగాలి. 2500కి రేజ్ చేస్తే బజర్ మోగకూడదు. తర్వాత 0.9 బార్ స్విచ్ తీగను ఊడదీసి మళ్లీ 2500కి తీసుకెళ్లండి, ఇప్పుడు మోగాలి. మోగితే హెచ్చరిక వ్యవస్థ నిజంగా పనిచేస్తోందని అర్థం. మోగకపోతే మీరు వేసిన తీగ ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది, అది వెతికాకే నాలుగు స్క్రూలు బిగించండి.